ఇరవై ఎనిమిది రోజుల కిటికీ

స్పానిష్ నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలు తొమ్మిదే. పాతికేళ్ళుగా విశాఖపట్నంలో పాఠాలు చెబుతున్నాను. ఓడలెక్కే కుర్రాళ్ళు, మందుల కంపెనీల వాళ్ళు, పరాయి దేశపు ఆసుపత్రులకు వెళ్ళే నర్సులు, ఎవరొచ్చినా అటు తిప్పి ఇటు తిప్పి అవే అడుగుతారు. బల్ల ఆడదెందుకయింది, పుస్తకం మగాడెందుకయ్యాడు? 'ఉండటం' అనే ఒక్క పనికి సేర్ అనీ ఎస్తార్ అనీ రెండు మాటలెందుకు? 'కోసం' అనడానికి పోర్ ఎప్పుడు, పారా ఎప్పుడు? అయిపోయిన సంగతి చెప్పడానికి రెండు భూతకాలాలేమిటి, ఒకటి చాలదా? మొదటి ఐదేళ్ళూ ఓపిగ్గా చెప్పాను. తర్వాత విసుగొచ్చి తొమ్మిదింటికీ జవాబులు అచ్చు వేయించి గోడకు అంటించాను. ఆ గోడకే వీపు ఆనించి కూచుని మళ్ళీ అదే అడిగేవారు.

మా ఆయన పైడిరాజుకు స్పానిష్ ఒక్క ముక్క రాదు గానీ ఆ తొమ్మిది ప్రశ్నలూ కంఠతా వచ్చు. ఆయన బస్టాండులో అనౌన్సరు. క్లాసు మా ముందు గదిలోనే జరిగేది కాబట్టి, డ్యూటీ లేని రోజున వంటింట్లోంచి మైకు గొంతుతో అందుకునేవాడు. "ప్రయాణికులకు గమనిక. బల్ల ఆడదెందుకయినది అను ప్రశ్న మూడవ నంబరు బెంచీ నుండి మరి కొద్ది నిమిషములలో బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది." క్లాసంతా పగలబడి నవ్వేది. నేను కోపం నటించేదాన్ని.

ఆ గొంతు ఒక మంగళవారం పొద్దున్న ఆగిపోయింది. పలాస బస్సు గురించి చెబుతూ సగంలో ఆగాడట. మెదడులో రక్తం గడ్డకట్టింది. కాళ్ళూ చేతులూ నెల తిరిగేసరికి స్వాధీనంలోకి వచ్చాయి గానీ మాట రాలేదు. మనం అనేది అర్థమయ్యేది. జవాబిద్దామని నోరు తెరిచేవాడు, "ఊ" తప్ప ఏమీ వచ్చేది కాదు. ఏడాది గడిచేసరికి దేనికైనా తల ఊపడం అలవాటయింది. ఇడ్లీ కావాలా అన్నా ఊపేవాడు, దోసె కావాలా అన్నా ఊపేవాడు, రెండూ వద్దా అన్నా ఊపేవాడు.

ఆయన్ని పెంచింది వాళ్ళక్క అప్పలనరసమ్మ. మా వైపు అక్కను అప్ప అంటారు. తల్లి పోయేనాటికి పైడిరాజుకు రెండేళ్ళు, ఆవిడకు పద్నాలుగు. పూర్ణా మార్కెట్లో పూలమ్ముతూ, బుట్ట పక్కన కూచోబెట్టుకుని తమ్ముడికి మాటలు నేర్పింది. ఆయన గొంతు మైకుకు పనికొచ్చిందంటే ఆ బజారు చలవే. ఇప్పుడు ఆవిడకు అరవై ఏడు. మా ఇంట్లోనే ఉంటుంది, ఇంకా పూలు కడుతుంది, ఇంకా ఊరుకోదు. ఆ ఏడాదంతా తమ్ముడి వంతు మాటలు కూడా తనే మాట్లాడేసింది.

డాక్టర్ తబస్సుమ్ ఒకప్పుడు నా క్లాసులో కూచుని తొమ్మిదీ అడిగిన మనిషే. కొండవాలు మీద మెదడు పరిశోధనశాల ఒకటి నడుపుతోంది. సంగతి తెలిసి మా ముగ్గురినీ పిలిపించి, ముందు నన్నే ప్రశ్న వేసింది.

"టీచర్, బల్ల ఆడదెందుకయిందని స్పెయిన్‌లో చంటిపిల్ల ఎప్పుడైనా అడుగుతుందా?"

"ఎందుకడుగుతుంది? దానికి అదంతే."

"అదంతే అనిపించే మెదడు మనకి పెద్దయ్యాక ఉండదు. దాన్ని మళ్ళీ తెప్పించాం." బల్ల మీద బోర్లించిన టోపీ ఒకటి చూపించింది. వెంట్రుకల్లాంటి తీగలు తప్ప అందులో పెద్ద విశేషం కనబడలేదు. "దీన్ని రోజూ గంటసేపు పెడితే, చిన్నప్పుడు మూసుకుపోయిన కిటికీ ఒకటి తెరుచుకుంటుంది. ఇరవై ఎనిమిది రోజులు తెరిచి ఉంచగలం. ఆ రోజుల్లో ఏ భాష వింటే అది తల్లిభాషలాగే లోపలికి దిగుతుంది."

"అయితే తెలుగే వినిపిద్దాం" అన్నాను.

"తెలుగు నడిచిన దారి కాలిపోయింది టీచర్. తెలుగు వినగానే మెదడు ఆ పాత దారికే పోయి అక్కడ ఆగిపోతుంది. హిందీ, ఇంగ్లీషూ ఆయనకు పాతవే. ఎప్పుడూ తొక్కని దారి కావాలి. టేపులు పెడితే లాభం లేదు, చంటిపిల్లలు టేపుల దగ్గర మాటలు నేర్వరు. వాళ్ళకు ప్రాణమైన మనిషి ఎదురుగా కూచుని రోజంతా మాట్లాడాలి."

నన్నెందుకు పిలిచిందో అప్పటికి తెలిసింది. తర్వాత తబస్సుమ్ గొంతు తగ్గించి మిగతాది చెప్పింది. కిటికీ మూసుకునేటప్పుడు మెదడు ఇల్లు సర్దుకుంటుందట. ఆ నెలలో వినబడని భాషను అక్కర్లేనిదని తీసి పారేస్తుందట. పైడిరాజుకు ఇప్పుడు తెలుగు అర్థమవుతోంది కదా, అదీ పోవచ్చు. జ్ఞాపకాలు ఉంటాయి, మనుషులు తెలుస్తారు, తెలుగు మాత్రం వట్టి చప్పుడుగా వినబడుతుంది. కిటికీ ఒక్కసారే తెరవాలి, రెండోసారి తెరిస్తే ప్రాణానికి ముప్పు.

ఇదంతా పైడిరాజుకు తెలుగులోనే మూడుసార్లు చెప్పింది, బొమ్మలు చూపించి మరీ చెప్పింది. ఆయన మూడుసార్లూ తల ఊపాడు. నా వైపు చూశాడు, తబస్సుమ్ వైపు చూశాడు, కిటికీలోంచి సముద్రం వైపు చూశాడు. ఎడంపక్క కుర్చీలో కూచున్న అప్పవైపు మాత్రం చూడలేదు. నేను సంతకం పెట్టాను.

ఆ నెల మేమిద్దరం పరిశోధనశాలలోనే రెండు గదుల్లో ఉన్నాం. పొద్దున్న లేచింది మొదలు నేను స్పానిష్‌లో వాగుతూనే ఉండాలి. నీళ్ళు తాగుతూ నీళ్ళంటాను, కిటికీ తీస్తూ కిటికీ అంటాను. తెలుగు ఒక్క మాట కూడా ఆయన చెవిన పడకూడదని నియమం. నరసమ్మ వదిన రోజూ సిటీ బస్సులో క్యారేజీ తెచ్చి, మూల కుర్చీలో నోరు మూసుకుని కూచునేది. పూర్ణా మార్కెట్లో పెరిగిన మనిషికి అంతకు మించిన కఠోర దీక్ష ఉండదు.

మూడో రోజు నుంచి ఆయన పెదవులు కదపడం మొదలుపెట్టాడు. బ, మ, ప. యాభై అయిదేళ్ళ మనిషి, గడ్డం మాసిన మనిషి, పసిబిడ్డలా పెదాలు చప్పరించి తన గొంతు తనే విని ఆశ్చర్యపోయేవాడు. ఆరో రోజు గ్లాసు చూపించి "ఆగ్వా" అన్నాడు. నీళ్ళు. ఏడాది తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి మాట అది. నేను ఏడుస్తూనే గ్లాసు నింపాను, ఏడుపు కూడా స్పానిష్‌లో ఏడవాలేమోనని భయపడుతూ. తొమ్మిదో రోజుకు రెండేసి మాటలు కలిపాడు. పదో రోజుకు నన్ను సతాయించాడు.

పదమూడో రోజు టీ కప్పు కిందపడి విరిగింది. ఆయన వంగి ముక్కలు ఏరుతూ "ఎస్తా రొంపీదో" అన్నాడు. విరిగిందనడానికి రోతో అనాలి. నేను ఎప్పుడూ అలాగే అన్నాను, ఆ గదిలో స్పానిష్ తెలిసింది నేనొక్కదాన్నే. రొంపీదో అన్నది స్పెయిన్‌లో మూడేళ్ళ పిల్లలు చేసే తప్పు. మిగతా మాటల వరస చూసి, ఇదీ అలాగే ఉంటుందనుకుని వాళ్ళంతట వాళ్ళే కట్టుకుంటారు. నేను పుస్తకంలో చదివానే గానీ చెవులతో వినలేదు. ఎవరూ చెప్పని మాట ఆయన తలలో పుట్టింది. ఇన్నేళ్ళూ నేను గోడకు జవాబులు అంటించుకుంటూ కూచున్న ఈ భాష, ఒక మనిషి లోపల మళ్ళీ మొదటినుంచి మొలుస్తోంది, నేను పక్కనే ఉండి చూస్తున్నాను. దేవుడి గదిలో కూడా నాకంత భక్తి ఎప్పుడూ కలగలేదు.

పదిహేడో రోజు ఆయన సముద్రం మీద ఓడను చూసి, అది ఎక్కడినుంచి వచ్చిందో, లోపల ఏముందో పది నిమిషాల పాటు కథ చెప్పాడు. ఒక్క మాటా అర్థం కాకపోయినా తమ్ముడి గొంతు అలా ధారగా పారుతుంటే నరసమ్మ వదిన కళ్ళు ఆర్పలేదు. మర్నాడు కొంగున ఉప్పూ ఎండుమిరపకాయలూ కట్టుకుని వచ్చింది. నేను స్నానానికి వెళ్ళి వచ్చేసరికి ఆయన్ని తూర్పు ముఖంగా కూచోబెట్టి చుట్టూ తిప్పుతోంది.

"ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఓడోళ్ళ దిష్టి, డాక్టరమ్మ దిష్టి, నీ పెళ్ళాం దిష్టి, నా దిష్టి, తూ, తూ, తూ."

పక్క గదిలో కెమెరా తెర మీద చూస్తున్న తబస్సుమ్ పరుగున వచ్చింది. ఆమె గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. "ఎన్నిసార్లు చెప్పానమ్మా! ఒక్క మాట కూడా వద్దన్నానా లేదా?"

"నోరు మూసుకుని దిష్టి తీస్తే దిష్టి పోద్దేటి?" అంది వదిన అమాయకంగా. తర్వాత తను చేసిన పని తెలిసి, ఆ ఉప్పు గుప్పిట్లోనే పట్టుకుని గోడకు చేరబడిపోయింది. మొత్తం నలభై సెకన్లు. ఆ రోజునుంచి ఆవిడను గదిలోకి రానివ్వలేదు. మిగిలిన రోజులన్నీ అద్దం అవతల బల్ల మీద కూచుంది.

ఇరవై ఎనిమిదో రోజున టోపీ తీశారు. పైడిరాజు రెండు రోజులు నిద్రపోయి లేచి, స్పానిష్‌లో "నీరజా, ఆకలేస్తోంది, ఇక్కడివాళ్ళ ఉప్మా వద్దు" అన్నాడు. అదే మనిషి. అదే వెటకారం. ఆ ఏడాదంతా లోపల ఇరుక్కుపోయిన మాటలన్నీ ఒక్కసారి బయటికి వచ్చాయి. నేను నవ్వాను, ఏడ్చాను. మెల్లిగా ఇంకోటి గమనించాను. ఆయన మాట్లాడే తీరు నాదే. నా యాసే, చివర "అర్థమైందా" అని తగిలించే నా టీచరు జబ్బే, వేలు ఆడించడం కూడా నాదే. కట్టుకున్నవాడి నోట నా గొంతే నాకు వినబడుతుంటే కొంచెం సిగ్గేసింది, కొంచెం భయమేసింది.

అప్పుడు వదినను లోపలికి రమ్మన్నారు.

"పైడీ, ఎలగున్నావురా? తిన్నావా?"

తన పేరు విని తిరిగాడు. అప్పను చూసి ముఖం వెలిగింది. లేచి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆవిడ ఇంకేదో అంది, ఇంకా ఏదో అంది. ఆయన ఆ పెదవుల్నే చూస్తూ విని, విని, నా వైపు తిరిగి స్పానిష్‌లో అడిగాడు. "అప్ప ఏమంటోంది?"

వదిన నా ముఖం చూసింది. నేను చెప్పనక్కర్లేకపోయింది.

తబస్సుమ్ మూడు వందల తెలుగు వాక్యాలు వినిపించి పరీక్ష చేసింది. ఒక్కటీ ఎక్కలేదు. కాగితాలు మూసేస్తుంటే, అంతమంది తమ్ముడి మీద కళ్ళు వేశారన్న బాధ కాబోలు, వదిన మూలనుంచి తనలో తను "ఇరుగు దిష్టి" అని గొణిగింది.

"పొరుగు దిష్టి" అన్నాడు పైడిరాజు. "ఓడోళ్ళ దిష్టి, డాక్టరమ్మ దిష్టి..." చివరి తూ దాకా చెప్పి, దాని అర్థం ఏమిటో స్పానిష్‌లో మాకు వివరించాడు, అర్థమైందా అని కూడా అన్నాడు.

తబస్సుమ్ కుర్చీలో కూలబడింది. "ఆ నలభై సెకన్లూ నిలిచాయి. దానివల్ల స్పానిష్‌కు ఏ దెబ్బా తగల్లేదు. ఈవిడను నెల రోజులూ మాట్లాడనిచ్చి ఉంటే..." లేచి వెళ్ళి వదిన చెయ్యి పట్టుకుంది. "తప్పు నాదమ్మా. భయపడి నోరు మూయించాను." ఆ తర్వాత వచ్చిన రోగులకు ఆ నియమం తీసేసింది. వాళ్ళ అప్పలూ అమ్మలూ హాయిగా కబుర్లు చెప్పుకుంటున్నారు. మాకు ఆ అవకాశం దాటిపోయింది.

ఇంటికొచ్చాక వదిన మాట్లాడటం తగ్గించింది. నేను మధ్యన కూచుని ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేసేదాన్ని. వారం పోయాక, పూలు కడుతూ తల ఎత్తకుండా అడిగింది.

"ఆ వేళ ఆడు తెలిసే తలూపినాడా? నేపోతే ఇడ్లీకి ఊపినట్టు ఊపీసినాడా?"

ఆ ప్రశ్న నా లోపలా ఉంది. ఏ రోజైనా ఒక్క వాక్యంలో ఆయన్ని అడగగలను, అడగలేదు. తెలియక ఊపానని చెబితే? ఆయన తెలుగునీ, ఆయన్ని పెంచిన మనిషి గొంతునీ నేను సంతకం పెట్టి తీసేసుకున్నట్టు. పైగా లాభపడింది నేను. మొగుడు నాతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేడు. "నేను అడిగి చెబుతాను వదినా" అన్నాను, అడగకూడదని మొక్కుకుంటూ.

"నువ్వడగొద్దు. నువ్వడిగితే నీకు తోసింది నాకు సెప్తావు. నా తమ్ముణ్ణి నానే అడుగుతాను."

మాట గుచ్చుకుంది గానీ తప్పేమీ లేదు. మర్నాడు పొద్దున్న క్లాసుకు వెళ్ళేసరికి మూడో బెంచీలో నర్సుల మధ్య పూలబుట్టతో సహా కూచుని ఉంది.

నెల తిరక్కుండా ఆ తొమ్మిదీ మొదలయ్యాయి. ఈసారి మాత్రం నేను గోడ చూపించలేదు. బల్ల ఆడదెందుకయిందని పక్క నర్సు అడిగితే వదినే అందుకుంది. "మన్లో ఆడదాన్నీ బల్లనీ ఒకలాగే 'అది' అంటాం గదా. ఆళ్ళకి బల్ల ఆడదయితే తప్పొచ్చిందా?" మే గుస్తా అన్న మాట దగ్గర ఇంగ్లీషులో చదువుకున్నవాళ్ళు వారాల తరబడి తంటాలు పడతారు. అది 'నాకు నచ్చింది' లాంటిదేనని చెప్పగానే ఆవిడకు ఎక్కేసింది. సేర్, ఎస్తార్ దగ్గర మాత్రం పదిహేను రోజులు నన్ను పీల్చి పిప్పి చేసింది. చివరికి మల్లెమొగ్గ పట్టుకుని తనే తేల్చుకుంది. "మల్లి తెల్లంది. అది దాని గుణం, ఒకటో మాట. మల్లి వాడిపోనాది. అది ఇయాల్టి సంగతి, రెండో మాట. ఇంతేనేటి?" ఇంతే. నేను ఇరవై ఏళ్ళుగా గోడ మీద అంటించుకున్న పేజీన్నర ఇంతే.

పోర్, పారాలు కుదరలేదు. క్రియలు నోట్లో చెదిరిపోయేవి. అరవై ఏడేళ్ళ తలలో కిటికీలన్నీ మూసి ఉన్నాయి, ఆవిడ ఒక్కో మాటనూ గోడ తవ్వి లోపలికి తెచ్చుకుంది. తెలుగు కూడా వినిపిస్తూనే టోపీ పెడతానంది తబస్సుమ్. "ఏటైనా తేడా వొచ్చి నాది కూడా పోతే మాయమ్మ గురించి ఆడికి సెప్పేదెవులు?" అని వద్దంది. సందేహం వస్తే తమ్ముణ్ణి అడిగేది. ఆయన తల గోక్కుని "అదంతే అప్పా" అనేవాడు. ఎందుకో ఆయనకు నిజంగా తెలియదు. ఒకప్పుడు మైకు గొంతుతో వెక్కిరించిన ప్రశ్నలు ఇప్పుడు ఆయనకు ప్రశ్నల్లాగే కనబడవు. ఎనిమిది నెలల పాటు ఒకే ఇంట్లో ఒక అద్భుతాన్నీ ఒక మొండితనాన్నీ పక్కపక్కన చూశాను. ఏది గొప్పదో చెప్పమంటే చెప్పలేను.

కార్తీకమాసం, సోమవారం, పూలకు గిరాకీ ఉన్న రోజు. పొద్దున్నే ఇద్దరూ కింద కూచుని మాలలు కడుతున్నారు. నేను గుమ్మంలో నిలబడి బియ్యం ఏరుతున్నాను. వదిన దారం పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది. స్పానిష్‌లో మొదలుపెట్టింది.

"పైడీ. ఆ రోజు. డాక్టరు. నువ్వు తల..." తల ఊపడం అన్న మాట రాలేదు. తనే మూడుసార్లు ఊపి చూపించింది. "తెలుసు? నీకు తెలుసు? నా మాట, తెలుగు, పోతుంది, తెలుసు?"

కాలాలన్నీ తప్పే. నా చేతిలో చేట ఆగిపోయింది.

ఆయన కడుతున్న ముడి పూర్తిచేశాడు. "తెలుసు అప్పా. మూడుసార్లు చెప్పింది కదా. మొదటిసారే అర్థమైంది."

గుమ్మానికి ఆనుకున్నాను. కానీ వదిన అంతటితో వదల్లేదు. ఎనిమిది నెలలు దాచుకున్న రెండో ముక్క ఉంది ఆవిడ దగ్గర.

"నన్ను చూడలేదు. ఎందుకు?"

ఆయన గబగబా ఏదో అన్నాడు. ఆవిడకు అందలేదు. నేను తెలుగులో చెప్పబోయాను. చెయ్యి ఎత్తి నన్ను ఆపి, తమ్ముడితోనే "మెల్లిగా" అంది. ఆయన మళ్ళీ చెప్పాడు. "ఇంకా మెల్లిగా." అప్పుడు ఆయన దగ్గరికి జరిగి కూచుని, చిన్నపిల్లకు చెప్పినట్టు, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

"నిన్ను. చూస్తే. ఊపలేకపోయేవాణ్ణి."

వదిన పెదవులతో ఆ మాటల్ని ఒక్కొక్కటే తిరిగి అనుకుంది. చివరి మాట దగ్గర కాసేపు ఆగింది. అర్థమైన క్షణం నాకు ఆవిడ ముఖంలో తెలిసిపోయింది. తమ్ముడి తలను రెండు చేతుల్లోకి తీసుకుని, పూల తడి ఇంకా ఆరని చేతులతో నుదురు నిమిరి, స్పానిష్‌లోనే అంది.

"నేనూ ఊపనిచ్చేదాన్ని కాదు."